ఎత్తు పెంచిన బండి

వెనక ఎడమ చక్రం విప్పి గోడకు ఆనించాక, మెకానిక్కు పాత షాకబ్జరును బోల్టుల నుంచి తప్పించి బయటికి లాగాడు. దాని అడుగున ఉండే రబ్బరు చుట్టూ, ఇనుము వంపు తిరిగిన చోట, ఏదో ఎర్రగా ఎండి అంటుకుని ఉంది. అతను గోటితో గీకాడు. కొంత పొడిగా రాలింది. కొంత పెంకులా లేచి గోటికి అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. తర్వాత మా బావ వైపు తిరిగాడు.

“కుంకుమ అనుకుంటా సేటూ.”

మా బావ షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

“తుడిచెయ్,” అన్నాడు.

“కాదు సేటూ, ఒకసారి వచ్చి సూడు...”

“తుడిచెయ్ అప్పా! తుడిచి కొత్తవి బిగించు.”

మెకానిక్కు భుజాలు ఎగరేసి, మిల్లు దూది ఇంత తీసి డీజిల్లో ముంచి, ఆ వంపంతా రుద్దాడు. దూది ముందు గులాబీ రంగుకు, తర్వాత ఇటుక రంగుకు తిరిగింది. ఆగమని నేను అనేలోపే అది నల్లనూనె డబ్బాలో పడి మిగతా పేలికల్లో కలిసిపోయింది.

అది కుంకుమో కాదో తేల్చుకోవడానికి మాకున్న ఒకే ఒక్క ఆధారం అదే. అది ఎందుకంత ముఖ్యమైందో చెప్పాలంటే దసరా రోజుల నుంచి మొదలుపెట్టాలి.

నేను ఆదోనిలో ఒక దినపత్రికకు చాలాకాలం విలేకరిగా పనిచేసి విశ్రాంతిలో ఉన్నవాణ్ణి. మా బావ, అంటే అక్క భర్త, పత్తి వ్యాపారి. వాళ్ళ కుటుంబానికి మూడు తరాలుగా అదే వ్యాపారం. ఊళ్ళు తిరిగి రైతుల దగ్గర పత్తి చూడటం, ఆదోని యార్డులో కొనడం, జిన్నింగు మిల్లులకు తోలించడం ఆయన పని. ఎమ్మిగనూరులో కూడా ఆయనకు బేరాలున్నాయి. వారానికి ఒకటి రెండుసార్లు తన పెద్ద బండిలో అక్కడికి పోయి వస్తుంటాడు. ఏడుగురు కూర్చునే బండి. వెనక సీట్లు మడిచేసి నమూనా పత్తి బోరాలు, గింజల సంచులు వేసుకుని తిరుగుతాడు కాబట్టి, ఏడుగురు కూర్చున్న సందర్భాలు తక్కువ.

ఆయనకో విద్య ఉంది. స్టీరింగు ముందు కూర్చుని ఉండగా వెనక హమాలీలు సంచులు వేస్తుంటే, బండి ఎంత కుంగిందో నడుముతో గ్రహించి బరువు చెప్పేస్తాడు. కాటా మీద తూస్తే కేజీ అటో ఇటో తేడా వస్తుందంతే. యార్డులో ఆయన్ను ‘నడుం కాటా’ అని వెక్కిరిస్తారు. ఆయన వెక్కిరింతగా తీసుకోడు. కాటా దగ్గర రైతుకూ వ్యాపారికీ మాట తేడా వచ్చినప్పుడు, “సేటును కూర్చోబెట్టి అడుగుదాం పద” అని రైతులే అనేవారు. అంతకు మించిన మర్యాద ఆ వ్యాపారంలో ఇంకేముంటుంది?

ఆయుధపూజకు ముందురోజు సందెవేళ ఆయన ఎమ్మిగనూరు నుంచి ఒక్కడే తిరిగి వస్తున్నాడు. సన్నటి తుంపర పడుతోంది. అటూ ఇటూ రొమ్ముల ఎత్తు పత్తి చేలు, తొలికాపు విచ్చుకుని ఉన్నాయి. ఆ వెలుగులో చెట్లు కనపడవు, దూది ఒక్కటే గాల్లో వేలాడుతున్నట్టు కనపడుతుంది. రోడ్డు మీద ఆయన ముందు ఏమీ లేదు. బండి మాత్రం దేన్నో ఎక్కి దిగింది.

నాకు ఈ సంగతి పండగ వెళ్ళాక చెప్పాడు. మేడ మీద, అక్క వినకుండా.

“ముందు చక్రం ఎక్కి దిగింది. గట్టిగా. వెంబడే వెనకది. వెనకది మాత్రం మెత్తగా దిగింది బామ్మర్దీ.”

“ఆపినావా?”

“ఆపక? ఆపి, ఫోను లైటు ఏసుకోని వెనక్కి నడిచినా. ఏం లేదు. చేన్లోకి దిగి పిలిచినా గూడా. ఎవురూ అని.”

“అరుపేమన్నా ఇనపడిందా?”

“లేదు. అరిచింటే బాగుండు.”

“కుక్కేమో బావా.”

“కుక్క కాదు.”

“ఎట్ల చెప్తావు?”

“బరువు తెలిసింది కదప్పా,” అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడు నా ముఖం చూడలేదు. “నలబై కేజీలకు రోంత తక్కువ.”

సీటు మీద కూర్చుని పైన పడే బరువు చెప్పడం వేరు, చక్రం కింద పడ్డదాని బరువు చెప్పడం వేరు. కింద పడ్డది బండిని పైకి ఎత్తుతుంది గాని దానిమీద కూర్చోదు. ఆ మాటే ఆయనకు చెప్పి చూశాను. విన్నాడు, తల ఊపాడు, నమ్మలేదు. నలభై ఏళ్ళుగా తన నడుము అబద్ధం చెప్పలేదని ఆయన నమ్మకం. ఈ ఒక్కసారి చెప్పిందని ఎలా ఒప్పుకుంటాడు?

మరి బండి కింద చూడలేదా అని అడిగాను. మరుసటిరోజు ఆయుధపూజ. వాళ్ళింట్లో పొద్దున్నే గుమాస్తా బండ్లన్నీ వాటర్ సర్వీసుకు తోలుకుపోయి అడుగుభాగం కూడా నీళ్ళు కొట్టించి తెస్తాడు. ఏటా జరిగేదే, ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన నిద్ర లేచి కిందికి వచ్చేసరికి బండి తళతళలాడుతూ వాకిట్లో ఉంది. కాటాకు, తూకపు రాళ్ళకు, ట్రాక్టరుకు, ఈ బండికి వరసగా పసుపు కుంకుమలు పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. బూడిద గుమ్మడికాయకు చిల్లు పెట్టి లోపల కుంకుమ పోసి, బండి చుట్టూ తిప్పి పగలగొట్టారు. గుమాస్తా ఉత్సాహం కొద్దీ కాయను నేలమీద గాక వెనక చక్రానికే వేసి కొట్టాడట. ఎర్రనీళ్ళు చక్రం లోపలి దాకా చిమ్మాయి.

కాబట్టి కడగకముందు అక్కడ ఏముండేదో ఎవరికీ తెలియదు. కడిగిన తర్వాత అక్కడ ఎరుపు ఉండటానికి అందరికీ తెలిసిన కారణం ఒకటి ఉంది.

నాకు చేతనైన పని నేను చేశాను. ఇటు ఆదోనిలో, అటు ఎమ్మిగనూరులో ఆస్పత్రుల దగ్గర పాత పరిచయాల్ని కదిలించాను. ఆ సాయంత్రం గాని మర్నాడు గాని రోడ్డు ప్రమాదపు దెబ్బలతో ఎవరూ రాలేదన్నారు. స్టేషన్లో ఫిర్యాదు లేదు. గొర్రె పడిందేమో అనుకుంటే, గొర్రె పోయినవాడు ఊరుకోడు, ఈపాటికి నాలుగు బండ్లు ఆపి పంచాయతీ పెట్టేవాడు. ట్రాక్టరు మీంచి జారిన పత్తి బోరా అయి ఉండొచ్చు. దాని బరువూ ఇంచుమించు అంతే ఉంటుంది, వెనక వచ్చినవాడు ఎత్తుకుపోయి ఉండొచ్చు. ఈ మాట చెప్పగానే బావ ముఖం కొంచెం తేరుకుంది. మళ్ళీ తనే అన్నాడు, “బోరా అయింటే దూది చెదిరి ఉండల్ల గదా. తడి రోడ్డుకు అంటుకోని ఉండల్ల.”

“స్టేషనుకు పోయి చెప్పొద్దాం పద బావా.”

“ఏమని? ఏదో తొక్కినా, ఏం తొక్కినానో తెల్దు, ఎవరన్నా వచ్చి అడిగితే నా దగ్గరికి పంపండి అనా?”

ఆయనకు కావాల్సింది ఒక్కటే: అది మనిషి కాదని తెలియడం. ఆయనకు అన్నం సయించడం లేదని అక్క చెప్పకముందే నాకు కనపడింది.

తర్వాతి వారం ఆయన మళ్ళీ ఎమ్మిగనూరు పోయాడు. తిరిగొచ్చేటప్పుడు అదే చోట బండి దేన్నో ఎక్కి దిగింది. ఆపి చూశాడు. ఏమీ లేదు. ఆ పై వారం నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మిట్టమధ్యాహ్నం, ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఆ చోటు దగ్గరవుతుంటే ఆయన వేగం తగ్గించాడు.

“ఇప్పుడు,” అన్నాడు. వెంటనే, “వెనకది,” అన్నాడు.

నాకు ఏమీ తెలియలేదు. తెలిసి ఉన్నా ఏ రోడ్డు మీదైనా తెలిసేంతే. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. దానిమీద పోసిన తారు ఎన్నడూ స్థిరంగా ఉండదు, అలలు తేలుతుంది. ఆ మాటే అన్నాను.

“అల అయితే ముందు చక్రానికీ వెనక చక్రానికీ ఒకే మాదిరి ఉండల్ల గదప్పా,” అన్నాడు.

అప్పుడు ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. తప్పు షాకబ్జర్లది. అవి అరిగిపోయాయి. అందుకే ప్రతి చిన్న గతుకూ నడుముకు తగులుతోంది. వాటిని మార్చి, పన్లో పనిగా బండి ఎత్తు పెంచితే రోడ్డు మీద ఏదున్నా కింద తగలదు, పైన తెలియదు. ఈ ఆలోచన వచ్చాక ఆయన ఫోన్లో బండ్లు ఎత్తు పెంచే వీడియోలు తప్ప ఇంకేమీ చూడలేదు. కొండల్లో, ఇసుకలో, వాగుల్లో దూకుతున్న బండ్లు. పత్తి ధర చూడటం కూడా తగ్గించాడు.

ఎమ్మిగనూరు రోడ్డులో షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు దగ్గరికి ఇద్దరం పోయాం. ఈ పనిలో అతనికి పేరుంది. నోరు కూడా ఉంది.

“సేటూ, ముందు ఒకటి చెప్పు. నీకు ఎత్తు కావల్లా, సుఖం కావల్లా?”

“రెండూ కావల్ల.”

“రెండూ కావల్లంటే పల్లకీ చేయించుకో. నలుగురు బోయీలను నేనే పంపిస్తా.”

బావ నవ్వలేదు. మెకానిక్కు సర్దుకుని, బల్ల మీద సామాను పెట్టి చూపించాడు. ఒకటి, గుండ్రటి ఇనుప దిమ్మెలు. పాత స్ప్రింగు పైన ఇవి పెడితే రెండంగుళాలు లేస్తుంది.

“ఇది ముసలాయనకు ఎత్తు చెప్పులు తొడిగినట్ల. ఎత్తు కనపడతాది, నడక మారదు. చవక. కానీ నేను ఎయ్యను.”

రెండోది, పొడవాటి కొత్త స్ప్రింగులు. బరువులు మోసే బండ్లకు గట్టివి, ఖాళీగా తిరిగేవాటికి మెత్తవి. గట్టివి వేసి ఖాళీగా పోతే బండి కోడిపిల్లలా ఎగురుతుంది. మెత్తవి వేసి సంచులు నింపితే వెనక భాగం నేలను రాచుకుంటుంది. స్ప్రింగు ఎగరడం తన పని తను చేసుకుంటుంది, ఆ ఎగిరేదాన్ని పట్టి ఆపడం షాకబ్జరు పని. అందులో నూనెవి మెత్తగా ఉంటాయి, దూరం పోతే వేడెక్కి జారిపోతాయి. గ్యాసువి నిలబడతాయి గాని బిర్రుగా ఉంటాయి. ఖరీదైన రకానికి అడుగున ఒక మీట ఉంటుంది, అటు తిప్పితే మెత్తన, ఇటు తిప్పితే గట్టి.

“ఆ మీట పూరా మెత్తకు తిప్పితే, రోడ్డు మీద ఏమున్నా తెల్దు గదా?” అని అడిగాడు బావ.

“ఏమున్నా అంటే ఏంది సేటూ? గుంతా, గడ్డా?”

“ఏదన్నా గానీ.”

“రోంత తెలియల్ల సేటూ. ఏమీ తెలియకపోతే బండి ఎట్ల తోల్తావు? ఎత్తు పెంచి, మల్ల మెత్తగా పెడితే మలుపులో పడవ మాదిరి ఊగుతాది. బ్రేకు పైపులు చాలవు, పొడుగువి ఎయ్యల్ల. చక్రాలు మల్ల సూటిగా కట్టల్ల. ఇంత ఎందుకు, ఉన్నవాటి జాగాలో అట్లాంటివే కొత్తవి ఎయ్యి. కంపెనీ వాడు తిక్కోడా?”

“నాకు ఏమీ తెలియకూడదు,” అన్నాడు బావ. ఆ గొంతుకు మెకానిక్కు నా వైపు చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు వైపు చూశాను.

సామాను బెంగళూరు నుంచి పార్సిల్లో వచ్చింది. మెత్తటి పొడుగు స్ప్రింగులు, మీట ఉన్న షాకబ్జర్లు. పాతవి విప్పే రోజున జరిగింది మొదట్లోనే చెప్పాను.

బండి ఇంటికి వచ్చిన సాయంత్రం అక్క దాన్ని చుట్టూ తిరిగి చూసింది.

“ఇదేం బండి, అంబారీనా? నిచ్చెన ఒకటి కొనుక్కురాలేకపోయినావా?”

“మెట్టు బిగిస్తారులే.”

“ఎవరికి? నేను ఎక్కేది లేదు, నువ్వు దిగేది లేదు,” అంది. ఆయన లోపలికి పోయాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది, “ఏమైందిరా ఆయనకు? నిద్రలో కాలు అదుముతాండాడు. బ్రేకు మీద పెట్టినట్ల. మంచం కోడు కదుల్తాంది.”

మరుసటిరోజే ఎమ్మిగనూరు బయలుదేరాం. బండి నిజంగానే మారిపోయింది. గతుకులు ఎక్కడో కింద, ఇంకెవరి బండికో తగులుతున్నట్టున్నాయి. శబ్దం కూడా ఆలస్యంగా వస్తున్నట్టు అనిపించింది. పోయేటప్పుడు ఆ చోటు దాటాం. ఏమీ లేదు. తిరిగొచ్చేటప్పుడే అసలు పరీక్ష అని ఇద్దరికీ తెలుసు. ఎమ్మిగనూరులో ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. ఆయన రెండోసారి వేయించుకున్నాడు. దసరా తర్వాత ఆయన అలా తినడం నేను చూడటం అదే మొదటిసారి.

తిరుగుదారిలో ఆ చోటు వచ్చింది, పోయింది. బావ సీట్లో వెనక్కి వాలాడు. “పోయింది బామ్మర్దీ,” అన్నాడు. “సూసినావా? షాకబ్జర్లే.” పత్తి ధర గురించి మొదలుపెట్టాడు. గుంటూరు వ్యాపారుల్ని తిట్టాడు. ఆదోని కొండలు కనపడుతున్నాయి.

మాట మధ్యలో ఆగిపోయాడు. బండి ఎక్కి దిగింది. తర్వాత, ఒక్క క్షణం ఆలస్యంగా, వెనక నుంచి మెత్తగా.

ఈసారి నాకూ తెలిసింది. తెలిసిందని రాస్తున్నాను గాని, అప్పటికి నేనూ దానికోసం ఎదురు చూస్తున్నవాణ్ణే అన్న సంగతి కూడా రాయాలి.

దిగి చూశాం. రోడ్డు నున్నగా ఉంది. పాత చోటికి బాగా ఇవతల, ఎడమ చేతి పక్క ఒక ఊరికి పోయే మట్టిదారి రోడ్డులో కలిసే మొగదల అది.

“ఆడ లేదు,” అన్నాడు బావ. “ఈడికి వచ్చింది.”

తర్వాత ఆయన మీటను మెత్తన నుంచి గట్టికి, గట్టి నుంచి మెత్తకు తిప్పించని రోజు లేదు. మెకానిక్కు స్వయంగా బండి తోలి చూశాడు. ఆ మొగదల దగ్గర ముందుకూ వెనక్కీ నడిపి, దిగి, వంగి చూసి, “బండిలో ఏం లేదు సేటూ, అల్లా మీద ఒట్టు,” అన్నాడు. ఆ రోజు అతను జోకులు వేయలేదు. డబ్బాలో పడేసిన దూది గురించి నేను అడుగుదామనుకున్నాను. ఆ నూనె ఎప్పుడో కొనేవాడికి పోసేశానన్నాడు, నేను అడక్కముందే.

ఇంకోటి జరిగింది. యార్డులో బండిలో గింజల సంచులు వేస్తున్నారు. బావ స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. అలవాటు కొద్దీ హమాలీ, “ఎంత సేటూ?” అన్నాడు. బావ కాసేపు కళ్ళు మూసుకుని, ఒక అంకె చెప్పాడు. కాటా మీద పెడితే సగం కూడా లేదు. అందరూ తమాషాకు చెప్పాడనుకుని నవ్వారు. మళ్ళీ అడిగారు. ఈసారి చెప్పలేదు. “ఏమీ తెల్డంలేదప్పా,” అన్నాడు. అక్కడున్నవాళ్ళు ఇంకా నవ్వారు. ఆ బండిలో కూర్చుని ఆయన ఇప్పుడు దేని బరువూ చెప్పలేడు. తెలియకూడదని కొనుక్కున్నది అదే. ఆ రెండు కుదుపులు మాత్రం తెలుస్తూనే ఉన్నాయి.

ఆ వారమే ఆయన మొగదల దగ్గర బండి ఆపి, ఇంజను కట్టేసి, చాలాసేపు ఆ మట్టిదారి వైపు చూస్తూ కూర్చున్నాడు.

“పోదామా?” అన్నాడు.

“ఊళ్ళోకా?”

“ఊ.”

ఇద్దరం ఆ తారు రోడ్డు మీద తిరుగుతూనే ఉన్నా, ఆ ఊళ్ళోకి ఎప్పుడూ పోలేదు. పట్టపగలు. వీధిలో మా బండి శబ్దం తప్ప ఇంకో శబ్దం లేదు. ఇళ్ళకు వరసగా తాళాలు. కొన్ని గడపలకు ముళ్ళకంప అడ్డం పెట్టారు, కుక్కలు పోకుండా. దండేల మీద మరిచిపోయిన గుడ్డలు ఎండి రంగు వెలిసి ఉన్నాయి. మా జిల్లా పశ్చిమాన ఇది కొత్త దృశ్యం కాదు. దసరా పోతే మా వైపు ఊళ్ళు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు పత్తికీ మిరపకూ, పనెక్కడుంటే అక్కడికి, పిల్లాజెల్లాతో లారీ ఎక్కి పోయి ఉగాదికి తిరిగొస్తారు. దీనిమీద నేను ఏటా వార్త రాసినవాణ్ణే. వేరే పనిమీద వచ్చి ఆ తాళాలు చూస్తుంటే, ఊరంతా తలుపుల వెనక కూర్చుని మేం పోయేదాకా ఊపిరి బిగబట్టినట్టనిపించింది.

ఒక అరుగు మీద ముసలాయన మేకపిల్లకు ఆకు తినిపిస్తున్నాడు. మమ్మల్నీ, బండినీ కింది నుంచి పైదాకా చూశాడు.

“ఓట్లా, అప్పులా?”

“రెండూ కాదు తాతా,” అన్నాను.

“అయితే దారి తప్పినారు.”

“మీ ఊర్లో ఎవరన్నా కనపడకుండా పోయినారా? దసరా కాడ్నుంచి?”

ముసలాయన నవ్వాడు. పళ్ళు లేవు. చెయ్యి చాచి వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి చూపించాడు.

“కనపడేదెవురు సామీ? మొదటి లారీ ఆయుధపూజకు ముందురోజే వచ్చె. పండగ చేసుకునేదానికి గతిలేనోల్లు దాంట్లోనే పోయినారు. మిగతావాల్లు పండగ అయినాక. మూట ఎత్తుకోని రోడ్డు కాడికి నడిచేదే.”

“ముందురోజు ఎప్పుడొచ్చె లారీ?” బావ అడిగాడు. ఆయన అక్కడ మాట్లాడటం అదే మొదలు.

“పొద్దు గూకేటప్పుడు.”

బావ అరుగు అంచు పట్టుకున్నాడు. మేకపిల్ల ఆయన పంచె కొస నమలబోయింది. ఆయన చూసుకోలేదు.

“ఎందరు పోయినారు, ఎవరెవరు, తెలిసేదెట్ల తాతా?”

“ఉగాదికి రాండి. వచ్చినోల్లని ఎంచి లెక్క చూసుకోవచ్చు,” అన్నాడు ముసలాయన.

తిరిగి వచ్చేటప్పుడు బావను స్టేషనుకు తీసుకుపోయాను. ఈసారి కాదనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. అక్కడి అధికారి ఓపిగ్గా విన్నాడు, రాసుకున్నాడు. ఎవరైనా తప్పిపోయారని ఎవరైనా వచ్చి చెబితే కబురు చేస్తానన్నాడు. వచ్చి చెప్పాల్సినవాళ్ళు ఏ జిల్లాలో ఏ చేలో ఉన్నారో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు.

ఉగాది దాకా బావ ఆ రోడ్డున తనే బండి తోలుతూ పోయాడు. డ్రైవరును పెట్టుకోమంటే వినలేదు. మొగదల వచ్చేసరికి వేగం తగ్గించి, ఎక్కి దిగి, ముందుకు పోయేవాడు. ఆపి చూడటం మానేశాడు. ఒకసారి నేను పక్కనుండగా, ఆ కుదుపు అయిన వెంటనే, ఎవరికో దారిచ్చినట్టు బండిని కొంచెం కుడికి జరిపాడు.  అక్కకు అంతా చెప్పేశాడు. ఆమె విని, “ఉగాదికి నేనూ వస్తా,” అంది.

వచ్చింది కూడా. ముక్కాలి పీట వేసుకుని ఆ ఎత్తు బండి ఎక్కింది.

ఊరు గుర్తుపట్టలేనంతగా మారింది. ప్రతి గడపకూ వేపమండలు, పాటలు పెట్టిన ఫోన్లు, దుమ్ములో దొర్లే పిల్లలు. కూలి కింద తెచ్చుకున్న మిరపకాయలు వీధి పొడవునా ఎండబోశారు. ఘాటుకు మాకు దగ్గులొచ్చాయి. ముసలాయన మమ్మల్ని చూసి, “వచ్చినారే! ఎంచుకుందాం రాండి,” అని ముందు నడిచాడు. ఇల్లిల్లూ చూపించాడు. అక్క ప్రతి గడప దగ్గరా ఆగి, అందరూ వచ్చారా అమ్మా అని అడిగింది. అందరూ వచ్చారు. బావ ప్రతి ఇంటి దగ్గరా ఒక్కో మెట్టు తేలికపడుతున్నట్టు కనిపించాడు. వీధి చివరికి వచ్చేసరికి ముసలాయనతో మేకల ధర మాట్లాడుతున్నాడు.

చివరి ఇంటికి తాళం ఉంది.

మొగుడూ పెళ్ళాం, మొగుడి తల్లి ఉండేవారట. మొదటి లారీలో పోయారు. మొగుడూ పెళ్ళాలను గుంటూరు వైపు చేలల్లో చూసినవాళ్ళున్నారు. సంక్రాంతికి ముందే వాళ్ళు ఇంకెవరో మేస్త్రీతో తెలంగాణ వైపు పోయారని చెప్పారు.

“తల్లి?” అన్నాడు బావ.

ఎదురింటామె, ముసల్ది లారీ ఎక్కిందనీ, తన మూట తనే పైకి అందించిందనీ చెప్పింది. పక్కింటాయన, కాదు, నేను రానని మొండికేసి, కూతురింటికి పోతానని రోడ్డు పట్టుకుని నడిచిపోయిందన్నాడు. ఎటు నడిచిందని అడిగితే ఎమ్మిగనూరు వైపు చెయ్యి చూపించాడు. ఇద్దరూ కళ్ళారా చూసినట్టే చెప్పారు. ఇద్దరి మాటల్లోనూ నేను తప్పు పట్టలేకపోయాను. వాళ్ళిద్దరూ దానిమీద వాదులాడుకుంటుండగా, అక్క బావ చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి నడిపించింది.

కొడుకు నంబరు ఊళ్ళో ఇచ్చారు. అది పనిచేయడం లేదు. స్టేషన్లో ఆ వివరాలన్నీ ఇచ్చి వచ్చాం. కూతురిది సిరిగుప్ప అవతల, కాలువ సాగుకు పోయి స్థిరపడినవాళ్ళ క్యాంపు ఏదో అని అందరూ అంటారు. ఆ క్యాంపు పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇది రాస్తున్న రోజుకు ఆ ఇంటి తాళం ఇంకా తీయలేదు.